దొడ్డి వేరు, దిబ్బ వేరు: బూడిద దిబ్బల చిక్కుముడి

పాలమూరు నుంచి రాయచూరు మీదుగా బళ్లారి వరకు, అటు అనంతపురం దాకా ఉన్న మెట్ట ప్రాంతంలో, గ్రానైటు గుట్టల కింద అక్కడక్కడా ఒక వింత దిబ్బ ఎదురవుతుంది. దూరం నుంచి చూస్తే సున్నపు బట్టీ పక్కన పారబోసిన చెత్తలా ఉంటుంది. దగ్గరికెళ్లి కాలు పెడితే పైపొర విరిగి మడమ మెత్తగా దిగబడుతుంది. లోపలంతా బూడిదే. మధ్యమధ్య గాజులా కరిగి గడ్డకట్టిన, బుడగలు బుడగలుగా ఉన్న ముక్కలు. కొన్ని దిబ్బలు నడుమెత్తు దాటవు, కొన్ని రెండంతస్తుల మేడంత ఉంటాయి. కృష్ణా, తుంగభద్రల చుట్టుపక్కల ఇలాంటివి వందకు పైగా లెక్కకు వచ్చాయి.

ఊళ్లకు వీటి సంగతి ఎప్పటి నుంచో తెలుసు, తమకు తోచిన పద్ధతిలో. హంపి దగ్గర నింబాపురంలో ఉన్నది వాలిని కాల్చిన కాష్టమంటారు. బళ్లారి వైపు కొన్నింటిని భీముడి చేతిలో చచ్చిన హిడింబాసురుడి బూడిదగా చెబుతారు. ఇంత బూడిద మిగిలిందంటే కాలినవాడు రాక్షసుడే అయివుండాలన్న తర్కంలో తప్పేమీ లేదు. ఆ తర్వాత వందేళ్లకు పైగా చదువుకున్నవాళ్లు చెప్పిన జవాబుల్లో చాలా భాగం దీనికన్నా మెరుగైనవి కావు.

ఈ చిక్కు ఇంతకాలం వీడకపోవడానికి కారణం మూడు ప్రశ్నలను ఒకే ప్రశ్నగా అడగడమే. కాలింది ఏమిటి? అది ఎక్కడ పోగైంది? ఎందుకు కాల్చారు? మొదటిదానికి గట్టి జవాబు ఉంది. రెండోదానికి రెండు తవ్వకాలు రెండు జవాబులిచ్చాయి, రెండూ నిజమే. మూడోదాని మీద వాదన నడుస్తోంది.

కాలింది ఏమిటి

మద్రాసు సైన్యంలో పనిచేసిన న్యూబోల్డ్ 1843లో బళ్లారి వైపు ఉన్న ఈ దిబ్బల గురించి రాశాడు. ఆ తర్వాత భూగర్భ సర్వేక్షణ శాఖ అధికారి రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటిని తిరిగి తిరిగి చూశాడు. పల్లవరంలో 1863లో పాతరాతియుగపు చేతిగొడ్డలి దొరికింది ఈయనకే. దిబ్బల దగ్గర నునుపు చేసిన రాతి గొడ్డళ్లు, చేత్తో చేసిన కుండ పెంకులు కనబడటంతో ఇవి కొత్తరాతియుగం నాటివని, ఆఫ్రికాలో పశువుల కాపరులు ముళ్లకంచెతో కట్టుకునే దొడ్ల లాంటి చోట్ల పేడ పోగుపడి కాలి ఉంటుందని ఊహించాడు. ఊహ సరైనదే. కానీ పక్కనే వేరే ఊహలు పుట్టుకొచ్చాయి. రాబర్ట్ సూయెల్ 1899లో వీటిని విజయనగర కాలపు యుద్ధాలకు, సామూహిక దహనాలకు ముడిపెట్టాడు. లాంగ్‌హర్స్ట్ కూడా అంత్యక్రియల వైపే మొగ్గాడు. ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెమని అన్నవారూ ఉన్నారు.

తేల్చింది సూక్ష్మదర్శిని. బళ్లారి దగ్గరి కుడతిని దిబ్బ నుంచి తెచ్చిన నమూనాలను శాస్త్రవేత్త ఎఫ్.ఇ. జోయ్‌నర్ పరీక్షించి 1960లో ఫలితం ప్రకటించాడు. గడ్డి తన కణాల్లో సిలికాను, అంటే ఇసుకలో ఉండే పదార్థాన్ని, నింపుకుంటుంది. వరి ఆకు, దర్భ పరక చెయ్యి కోసేది అందుకే. పశువు గడ్డిని అరిగించుకుంటుంది గానీ ఆ సిలికా అచ్చులను అరిగించుకోలేదు. అవి పేడలోకి వస్తాయి, పేడ కాలినా బూడిదలో మిగులుతాయి. కుడతిని బూడిద నిండా ఉన్నది ఈ గడ్డి అచ్చులే. మనుషులను కాల్చిన చోటైతే కట్టెల బొగ్గు, ఎముకల సున్నం ఎక్కువ ఉండాలి, ఇనుప కొలిమి అయితే ఇనుము ఉండాలి. ఇక్కడ రెండూ లేవు.

మరి గాజు ముక్కల సంగతి? చిట్టెమని పొరబడటానికి కారణం అవే కాబట్టి కాస్త ఆగి చూడాలి. స్వచ్ఛమైన సిలికా కరగాలంటే 1700 డిగ్రీల సెల్సియస్ దాటాలి. పేడ మంటలో అంత వేడి రాదు. కానీ పేడ బూడిదలో పొటాషియం లాంటి క్షారాలు ఉంటాయి. గాజు చేసేవాళ్లు ఇసుకలో సోడా ఎందుకు కలుపుతారో ఇక్కడా అదే జరుగుతుంది. క్షారం తగిలితే సిలికా చాలా తక్కువ వేడికే మెత్తబడుతుంది. అయినా వెయ్యి డిగ్రీలు దాటాల్సిందే. ఇంట్లో పొయ్యిలో పిడక ఎంత కాలినా గాజు కాదు. పెద్ద కుప్ప కావాలి, పేడ బాగా ఎండి ఉండాలి, గాలి వీస్తుండాలి. కుప్ప పైన పేరుకున్న బూడిద దుప్పటిలా కప్పి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. లోపల రగిలి రగిలి కరుగుతుంది, పైన మెత్తటి తెల్ల బూడిదే మిగులుతుంది. అందుకే ఒకే దిబ్బలో బూడిద, గాజు పక్కపక్కనే ఉంటాయి. ఆఫ్రికాలోని బోట్స్వానాలో ఇనుపయుగం నాటి పశువుల దొడ్లలోనూ ఇలాంటి గాజు ముద్దలే దొరికాయి. అక్కడా మొదట కొలిమి చిట్టెమనే అనుకున్నారు.

ఉట్నూరులో కనిపించిన కంచె

ఇక్కడ చెబుతున్న ఉట్నూరు ఆదిలాబాదు ఏజెన్సీలోది కాదు, పాత మహబూబ్‌నగర్ జిల్లాలోది. ఈ రెంటినీ కలిపేసి రాసినవి తరచూ కనిపిస్తుంటాయి. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ ఇక్కడ 1957లో తవ్వాడు. నివేదికను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పురావస్తు గ్రంథమాలలో 1961లో అచ్చేశారు.

తవ్వకంలో గోడ కనిపించలేదు, కందకం కనిపించలేదు. కనిపించినవి గుంజలు పాతిన గుంతలు. తాటి జాతి మొద్దులను వరసగా నిలబెట్టి చుట్టూ కంచె కట్టారు. మొద్దు ఎప్పుడో కాలిపోయింది. అది నిలబడిన గుంతలో నిండిన మట్టి మాత్రం చుట్టూ ఉన్న మట్టికన్నా రంగులో, మెత్తదనంలో తేడాగా ఉంటుంది. తవ్వేవాడు తొందరపడి గునపం వేస్తే ఆ తేడా ఒక్క నిమిషంలో పోతుంది. మట్టిని తాపీతో పలచగా గీకుతూ, కాస్త తడి చల్లి, ఏటవాలు వెలుతురులో చూస్తే గుండ్రని మచ్చలు వరస కడతాయి. ఆ మచ్చల వరసే కంచె. ఆల్చిన్ చదివిన తీరు ప్రకారం లోపలి వలయం పశువులది, మనుషుల గుడిసెలు దాని వెలుపల, బయటి కంచెకు లోపల ఉండేవి.

అంతకన్నా అబ్బురమైనది గిట్టల ముద్రలు. ఒక బూడిద పొర పైభాగంలో పశువులు తొక్కిన గుర్తులు అలాగే నిలిచిపోయాయి. దీన్నుంచి క్రమం తెలుస్తుంది: కాలింది, చల్లారింది, బూడిద తడిసి మెత్తబడింది, పశువులు మళ్లీ దాని మీదికే వచ్చాయి, ఆ తర్వాత మరో పొర పడి ముద్రలను కప్పేసింది. అంటే కాల్చడంతో ఆ చోటును వదిలిపెట్టలేదు. కంచె కాలితే మళ్లీ కొత్త మొద్దులు తెచ్చి నిలబెట్టారు, మళ్లీ కాల్చారు. ఇది ఒక్కసారి జరిగిన ప్రమాదం కాదని చెప్పడానికి గిట్టల ముద్రలను మించిన సాక్ష్యం అక్కర్లేదు.

యూరప్‌లో ఇదే రకం ఆవరణలు మట్టికట్టలుగా నిలిచాయి. ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో విండ్‌మిల్ హిల్ అనే గుట్ట మీద సుమారు క్రీ.పూ. 3700 నాటికి ఒకదానిలో ఒకటిగా మూడు వలయాల కందకాలు తవ్వి, తీసిన సుద్దమట్టితో కట్ట పోశారు. అక్కడా పశువుల ఎముకలే ఎక్కువ. కందకం పూడినా పచ్చిక మీద దాని వంపు తెలుస్తుంది. మన దగ్గర వాడింది తాటి మొద్దు, ముళ్లకంప, పేడ. మొదటి రెండూ నిలవవు. మూడోది కాలింది కాబట్టి నిలిచింది. ఐదు వేల ఏళ్ల నాటి ఆవరణకు ఇక్కడ నేల మీద మిగిలిన ఆనవాలు దాని చెత్తే.

లెక్క వేస్తే

ఒక్కసారి కాలిస్తే ఇంత దిబ్బ వస్తుందా అన్న సందేహానికి వేళ్ల మీద లెక్క చాలు. ఇది ఏ తవ్వకంలోనూ తేలిన అంకె కాదు, ఊహించుకోవడానికి వేసిన లెక్క. 60 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి దొడ్డి విస్తీర్ణం దాదాపు 2800 చదరపు మీటర్లు. పశువుకు 4 చదరపు మీటర్లు ఇస్తే 700 పడతాయి. కాస్త తగ్గించి 500 అనుకుందాం. మెట్ట గడ్డి మేసే నాటు పశువు రోజుకు 8 నుంచి 10 కిలోల పచ్చిపేడ వేస్తుంది. అందులో సగం మేతకెళ్లిన చోటే పడుతుంది. రాత్రి దొడ్డిలో పడేది 5 కిలోలనుకుంటే మంద మొత్తానికి రాత్రికి రెండున్నర టన్నులు. ఎండితే ఐదో వంతు, అంటే 500 కిలోలు. నాలుగు నెలలు మకాం వేస్తే 60 టన్నుల ఎండుపేడ. కాలిస్తే మళ్లీ ఐదో వంతే మిగులుతుంది, 12 టన్నుల బూడిద.

ఇప్పుడు దిబ్బ వైపు నుంచి రండి. అడుగున 40 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న శంకువు ఆకారపు దిబ్బ ఘనపరిమాణం 1250 ఘనపు మీటర్ల పైమాటే. ఘనపు మీటరు బూడిద 700 కిలోలనుకుంటే 875 టన్నులు. ఏడాదికి 12 టన్నుల చొప్పున 70 ఏళ్లకు పైగా పడుతుంది. గాలికి ఎగిరిపోయింది, వానకు కొట్టుకుపోయింది కలిపితే ఇంకా ఎక్కువే. దిబ్బలో మట్టి, కాలని పేడ ఉన్న మేరకు తక్కువ. ఏ వైపు సర్దినా రెండు మూడు తరాల పని. ఒక మంటకు వచ్చే దిబ్బ కాదిది.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. 12 టన్నుల బూడిదను 2800 చదరపు మీటర్ల దొడ్డి అంతటా పరిస్తే ఒక సెంటీమీటరు మందం కూడా రాదు. మూడు మీటర్ల ఎత్తు రావాలంటే పేడను ఒక చోటికి చేర్చాలి. అక్కడే రెండో ప్రశ్న తలెత్తుతుంది.

దొడ్డిలోనా, దొడ్డి పక్కనా

ఉట్నూరును చూసినవాళ్లు బూడిద దిబ్బ అంటే కాలిన దొడ్డి అనుకున్నారు. చాలా పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ అదే మాట ఉంది. కర్ణాటకలో షోరాపూరు ప్రాంతంలోని బూదిహాళ్‌లో పురావస్తు శాస్త్రవేత్త కె. పద్దయ్య 1990ల్లో పెద్ద ఎత్తున జరిపిన తవ్వకం ఆ బొమ్మను మార్చింది. అక్కడ పశువులను కట్టిన చోటు ఒకటి, దాని పక్కన పేడ ఎత్తి పోసి కాల్చిన చోటు మరొకటి. వాటిని ఆనుకుని మనుషులు నివసించిన చోటు, చెర్ట్ రాతితో పనిముట్లు చెక్కిన చోటు, పశువులను కోసి మాంసం తీసిన నేల, కుండల్లో పెట్టి పాతిన పసిపిల్లల సమాధులు బయటపడ్డాయి. మన ఊళ్లో కొట్టానికీ పెంటదిబ్బకూ ఎంత తేడానో ఇక్కడా అంతే తేడా. కొట్టంలో పేడ రోజూ ఎత్తుతారు, దిబ్బ మీద పోస్తారు. దిబ్బ పెరుగుతుంది, కొట్టం పెరగదు.

ఉట్నూరును, బూదిహాళ్‌ను ఎదురెదురు నిలబెట్టి ఎవరిది సరైనదని తేల్చడం అనవసరమని మా అభిప్రాయం. మందతో కొన్ని నెలలు దిగి వెళ్లిపోయే మకాం వేరు, ఏడాది పొడవునా మనుషులుండే పల్లె వేరు. మకాంలో పేడ ఎత్తే ఓపిక ఉండకపోవచ్చు, పల్లెలో ఎత్తక తప్పదు. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గరి పాలవాయిలో వి. రామిరెడ్డి చేసిన పని బూడిద దిబ్బను దాని చుట్టూ ఉన్న నివాసంతో కలిపి చదవాలని చూపింది. దిబ్బ ఒక్కదాన్నే తవ్వి వెళ్లిపోతే ఊరిని వదిలేసి పెంటదిబ్బను మాత్రం చూసినట్టే.

ఏది దొడ్డి, ఏది దిబ్బ అని పొరలో తేల్చే పద్ధతులున్నాయి. పశువులు తొక్కిన పేడ పలచటి రేకులు రేకులుగా, అడ్డంగా అణిగి ఉంటుంది. ఎత్తి పోసిన పేడ ఏటవాలుగా, గడ్డలు గడ్డలుగా పడుతుంది. గంపెడు గంపెడు పోసిన వంపు కూడా ఒక్కోసారి కనిపిస్తుంది. దొడ్డి నేలలో ఫాస్ఫేటు ఎక్కువగా ఇంకి ఉంటుంది. మేసే పశువు పేగుల్లో సున్నపు పదార్థంతో ఏర్పడే అతిసూక్ష్మ గోళాలు పేడతో బయటికి వస్తాయి. మిల్లీమీటరులో వందో వంతు పరిమాణంలో ఉండే ఈ గోళాలు సుమారు 700 డిగ్రీల దగ్గర చెడిపోతాయి. కాబట్టి గోళాలు మిగిలిన పొర తక్కువ వేడికి కాలింది లేదా కాలనే లేదు. గోళాలు పోయి గడ్డి అచ్చులు మాత్రం ఉన్న పొర బాగా మండింది. అచ్చులు కూడా కరిగితే అది గాజు. రంగూ కొంత చెబుతుంది: నల్లటి పొరకు గాలి చాలలేదు, తెల్లటిది పూర్తిగా కాలింది.

ఎందుకు కాల్చారు

తెలుగు రైతుకు ఇక్కడ వచ్చే మొదటి ప్రశ్న, బంగారం లాంటి ఎరువును ఎవరైనా తగలబెడతారా అని. చేలో రాత్రిపూట మంద కట్టించుకోవడానికి గొర్రెల కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చే ప్రాంతమిది. ప్రశ్న సరైనదే గానీ అందులో ఇప్పటి సాగు ఉంది. తొలి బూడిద దిబ్బల కాలంలో ఇక్కడ పంటల ఆనవాళ్లు చాలా తక్కువ. క్రీ.పూ. 2000 ప్రాంతం నుంచి కర్ణాటకలోని సంగనకల్లు, హల్లూరు లాంటి చోట్ల కాలిన గింజలు స్పష్టంగా దొరుకుతాయి. అవి అండుకొర్రలు, ఉలవలు, పెసలు, ఒక జాతి అడవి కొర్రల వంటివి. అన్నీ వాన మీద ఆధారపడి, ఎరువు లేకున్నా ఎంతో కొంత పండేవే. పేడకు విలువ కట్టేది చేను. చేను చిన్నదైతే వందల పశువుల పేడ అడ్డమే.

ప్రమాదవశాత్తు కాలిందన్న వాదన ఒకటి ఉంది. ఎండుపేడ ఒకసారి రగిలితే ఆర్పడం కష్టం, నిజమే. కానీ పొర మీద పొరగా, అదే చోట, తరాల తరబడి ప్రమాదం జరగదు. గోమారి, జోరీగలు, రోగాల భయంతో కాల్చారన్నది రెండోది. మంద మకాం ఎత్తేటప్పుడో మళ్లీ దిగేముందో దొడ్డిని కాల్చి శుభ్రం చేయడం తెలివైన పనే. అయితే శుభ్రానికి పలచగా పరిచి కాలిస్తే చాలు, కొండలా పోగెయ్యక్కర్లేదు.

మూడోది ఆల్చిన్ మాట. మందలు కదిలే రుతువుల మలుపులో జరిగే పండగ మంట ఇది, పశువులను మంట మీదుగా, మంటల మధ్య నుంచి తోలే ఆచారాలు దక్షిణాదిలో ఇప్పటికీ ఉన్నాయి కదా అన్నాడు. పిడకల దండతో వేసే భోగిమంట, వెంటనే వచ్చే కనుమ మన మనసులో మెదలకుండా ఉండవు. పోలిక ఆకర్షణీయంగా ఉంది. కానీ క్రీ.పూ. 1200 నాటికి బూడిద దిబ్బలు వేసే అలవాటు కనుమరుగైంది. అప్పటి నుంచి ఇప్పటి భోగి వరకు మధ్యలో మూడు వేల ఏళ్లు ఖాళీ. ఆ ఖాళీ మీద వంతెన వేసే ఆధారం చేతిలో లేకుండా 'మన భోగి ఐదు వేల ఏళ్లనాటిది' అని రాసేయడం తగదు. పురావస్తు శాస్త్రవేత్త పీటర్ జొహాన్సెన్ 2004లో చేసిన వాదన వేరే దారిలో వెళ్తుంది. దిబ్బ ఎత్తు పెరగడమే ఉద్దేశం, దూరానికి కనిపించే గుర్తుగా, ఈ మేత నేల మాదని చెప్పే కట్టడంగా దాన్ని పెంచారని ఆయన అంటాడు.

ఈ వాదనలన్నింటినీ తూచడానికి మా దృష్టిలో మంచి తూనికరాయి కడప, కర్నూలు మధ్య ఉన్న కుందేరు లోయ. అక్కడా కొత్తరాతియుగం పల్లెలున్నాయి, పశువుల ఎముకలున్నాయి, బూడిద దిబ్బలు మాత్రం లేవు. అవే పశువులు, అదే పేడ, అవే జోరీగలు. పరిశుభ్రతే కారణమైతే అక్కడా కాల్చి ఉండాలి, ప్రమాదమే కారణమైతే అక్కడా కాలి ఉండాలి. కాబట్టి తుంగభద్ర వైపు వాళ్లు కాల్చడం ఒక సమాజం ఎంచుకున్న అలవాటు. శుభ్రం అనే పనీ, పండగ అనే పనీ వాళ్లకు రెండుగా తోచేవని అనుకోవడానికీ కారణం లేదు. ఇల్లు అలికి ముగ్గు పెట్టడం శుభ్రమా, ఆచారమా అని మనల్ని అడిగితే ఏం చెబుతాం?

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇది గోపూజ చరిత్ర అనుకుని బూదిహాళ్ నివేదిక తెరిస్తే ఇబ్బంది పడతారు. అక్కడ పశువులను కోసిన నేల ఉంది. ఎముకల్లో ఎక్కువ భాగం పశువులవే. గుట్టల రాళ్ల మీద పొడవాటి కొమ్ముల, మూపురపు ఎద్దును అంత ప్రేమగా చెక్కినవాళ్లూ, దాన్ని తిన్నవాళ్లూ ఒకే కాలపు మనుషులు.

క్రీ.పూ. 2170 అంటే ఎప్పుడు

పాత పుస్తకంలో ఉట్నూరు కాలం క్రీ.పూ. 2170 అని ఉంటుంది. కొత్త వ్యాసంలో క్రీ.పూ. 2700 అటూఇటూ అని ఉంటుంది. కొత్తగా ఏదో పాతది దొరికిందనుకుంటారు. దొరకలేదు, కొలత ఒక్కటే. బొగ్గు లాంటి వాటిలో ఇంకా మిగిలిన రేడియోకార్బన్‌ను కొలిచి ఎన్నేళ్ల కిందటిదో లెక్కకడతారు; బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాల ఇచ్చిన ఆ అంకె 4120, అటూఇటూ 150. ఇది 1950 నుంచి వెనక్కి లెక్క. 4120 నుంచి 1950 తీసేస్తే 2170. ఒకప్పుడు అలాగే తీసి రాసేవారు. గాలిలో రేడియోకార్బన్ పాలు కాలాన్ని బట్టి మారుతుందని చెట్ల వలయాల ద్వారా తేలాక అంకెను సరిదిద్దడం మొదలైంది. సరిదిద్దితే అదే 4120 క్రీ.పూ. మూడో సహస్రాబ్ది మొదటి సగంలో ఎక్కువగా పడుతుంది. పద్దయ్య తవ్విన కొడేకల్ దిబ్బ అంకె ఇంతకన్నా పెద్దది. సరిదిద్దితే అది ఉట్నూరు కన్నా వెనక్కి పోతుంది. ఏ పుస్తకం చదివినా ఇచ్చిన అంకె సరిదిద్దినదా కాదా అని చూడకుండా రెండు దిబ్బలను పోల్చకూడదు. ఐదు వందల ఏళ్ల తేడా అందులోనే వచ్చేస్తుంది.

పొలంలో గుర్తుపట్టడం, నిలబెట్టడం

పాత ఊరి పాటిదిబ్బను బూడిద దిబ్బ అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. పాటిమట్టి గోధుమ రంగులో, పెంకులు, ఇటుక ముక్కలు, గాజు పూసలతో ఉంటుంది. అందులో బూడిద కలిసి ఉంటుంది గానీ బూడిదే దిబ్బ కాదు. ఇనుప చిట్టెం బరువుగా ఉంటుంది, తుప్పు రంగు తేలుతుంది, చాలాసార్లు అయస్కాంతానికి అంటుకుంటుంది, దగ్గర్లో తిత్తి గొట్టాల మట్టి ముక్కలుంటాయి. పేడ గాజు తేలిక, నిండా బుడగలు, అయస్కాంతానికి అంటదు. నిమ్మరసం చుక్క వేసి పొంగితే సున్నపు బట్టీ అనేయకండి. పేడ బూడిదలోనూ సున్నపు పదార్థం ఉంటుంది, అదీ పొంగుతుంది. అంచుల్లో చేత్తో చేసిన బూడిదరంగు పెంకులు, చెర్ట్ బ్లేడు ముక్కలు, నూరుడు రాళ్లు, డోలరైటు అనే నల్లరాతి గొడ్డళ్లు ఉంటే అనుమానం బలపడుతుంది.

దిబ్బలు పోయేది ఎక్కువగా చిన్న పనులతోనే. బూడిద చేనుకు మంచిదని ట్రాక్టరులో తోలుకెళ్తారు. గాజు ముక్కలను దారి గుంతల్లో పోస్తారు. గుప్తనిధి ఉందని నడిమధ్యన గొయ్యి తీస్తారు. నిధి దొరకదు. గొయ్యిలో వాన నీరు నిలిచి, అంచులు విరిగి, రెండు మూడేళ్లలో వాగులా చీలుతుంది. గుట్టల కింద ఉన్నవాటికి కంకర క్వారీల బెడద. మంచి ఉద్దేశంతో చేసేదీ తక్కువ నష్టం కాదు. దిబ్బ మీద మొక్కలు నాటితే వేర్లు పొరలను చీలుస్తాయి. కంచె వేద్దామని అంచునే రెండడుగుల గుంతలు తీస్తే, ఐదు వేల ఏళ్ల కిందటి గుంజ గుంతల వరస మీదే కొత్త సిమెంటు స్తంభాలు పడే ప్రమాదం ఉంది. కంచె వేయాలంటే బూడిద, పెంకులు కనిపించే హద్దుకు బాగా ఎడంగా వేయాలి. పైన పెరిగే గడ్డిని పీకకూడదు, వానకు దిబ్బను కాపాడేది అదే. పైనుంచి వచ్చే నీటిని మళ్లించాల్సి వస్తే కాలువ తవ్వకుండా, బయటి నుంచి తెచ్చిన మట్టితో చిన్న గట్టు వేసి పక్కకు తిప్పాలి.

చట్టం మూడు దారుల్లో ఉంది. జాతీయ ప్రాముఖ్యం ఉన్నవాటికి 1958 నాటి కేంద్ర చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో మిగిలినవాటికి 1960 నాటి రాష్ట్ర చట్టం, తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం. కేంద్ర చట్టం కింద ప్రకటించాలంటే ముందు నోటీసు ఇచ్చి, అభ్యంతరాలకు రెండు నెలల గడువు ఇవ్వాలి. ప్రకటించాక హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త కట్టడాలు నిషిద్ధం, దాని అవతల మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే. ఈ రెండు వలయాలను 2010 సవరణ బిగించింది.

రైతులు ఎక్కువగా భయపడేది భూమి పోతుందని. రక్షిత ప్రదేశమైనంత మాత్రాన భూమి ప్రభుత్వానిది అయిపోదు. యజమాని పేరు రికార్డులో అలాగే ఉండొచ్చు. కేంద్ర చట్టం 19వ సెక్షన్ తవ్వకం, క్వారీ, పేలుడు, కట్టడం వద్దంటుంది గానీ అడుగుకు మించి మట్టి తవ్వని సాగును అడ్డుకోదు. ఈ అడుగు అనే అంకె చూడటానికి ఉదారంగా ఉంది. నాగలి రోజుల్లో సరిపోయేది కూడా. ఇప్పటి ట్రాక్టరు పెద్ద మడకకు అడుగు లోతు కష్టం కాదు. పైగా దిబ్బ అంచుల్లో, అసలు కంచె గుంతలు ఉండే చోట, పైమట్టి మందం ఒక్కోసారి అంత కూడా ఉండదు. చట్టం ఒప్పుకున్నా ఆ అంచుల్లో గొర్రు తోలడంతో ఆపడమే మేలు.

కొత్తగా ఒకటి కనిపిస్తే చేయాల్సిన పని తక్కువే. ఊరి పేరు, సర్వే నంబరు, ఫోనులో వచ్చే అక్షాంశ రేఖాంశాలు రాసుకోవాలి. పక్కన స్కేలో, కనీసం పెన్నో పెట్టి నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు తీయాలి. ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత ఏటవాలు ఎండలో తీస్తే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. ఇప్పటికే ఎవరైనా కోసిన గోడ ఉంటే దాన్ని మరింత చెక్కకుండా, పొరలు కనిపించేలా ఒక ఫొటో తీయాలి. ఆ వివరాలు రాష్ట్ర పురావస్తు శాఖకు రాతపూర్వకంగా పంపి, నకలు తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. గాజు ముక్క ఎంత ముచ్చటగా ఉన్నా జేబులో వేసుకోకూడదు. ఏ పొరలోంచి వచ్చిందో తెలియని ముక్కతో ఆ మంట ఎన్నోదో చెప్పలేరు.